మందు పుండు దాకా చేరుతుందా, చేరి ఎంతసేపు ఉంటుంది? యాంటీబయాటిక్‌లపై తరచుగా అడిగే ప్రశ్నలు

నల్లగొండ, సూర్యాపేట, మహబూబ్‌నగర్ ప్రాంతాల వైద్య, ఫార్మసీ విద్యార్థులు, వార్డుల్లో పనిచేసే నర్సులు, కొన్నిసార్లు రోగుల వెంట వచ్చిన బంధువులు అడుగుతూ వచ్చిన ప్రశ్నలను ఇక్కడ ఒకచోట చేర్చాము. విషయం ఒక్కటే: ఒంట్లోకి వెళ్లిన యాంటీబయాటిక్, ఇన్ఫెక్షన్ ఉన్న చోట, గంటలు గడిచేకొద్దీ ఎలా పనిచేస్తుంది, దానిని ఎలా కొలుస్తారు అన్నది. ఇది చికిత్స సలహా కాదు. ఎవరికి ఏ మందు, ఎంత మోతాదు అన్నది ఆ రోగిని చూస్తున్న డాక్టరే నిర్ణయించాలి.

అసలు ఈ పరిశోధనలో ఏం చూస్తారు?

రెండు రేఖలు గీస్తారు. మోతాదు ఇచ్చిన క్షణం నుంచి రక్తంలోనూ, అక్కడి నుంచి ఇన్ఫెక్షన్ సోకిన కణజాలంలోనూ మందు గాఢత ఎలా పెరిగి ఎలా తగ్గుతుందో చూపేది మొదటి రేఖ. ఆ మారుతున్న గాఢతకు లోనై అక్కడి బ్యాక్టీరియా సంఖ్య ఎలా తగ్గుతుందో, ఎప్పుడు మళ్లీ పెరుగుతుందో చూపేది రెండో రేఖ. మొదటి దాని అధ్యయనాన్ని ఫార్మకోకైనెటిక్స్ అనీ, రెండో దానిని ఫార్మకోడైనమిక్స్ అనీ అంటారు. రెండింటినీ కలిపి చదివే పద్ధతికి పీకే-పీడీ అనే పేరు స్థిరపడింది.

ఇక్కడివారికి దీనిని కాలువ నీటితో చెప్పడం తేలిక. నాగార్జునసాగర్‌లో నీటిమట్టం 590 అడుగులకు చేరిందని పేపర్లో చదివినంత మాత్రాన ఎడమ కాలువ చివరి భూముల రైతు నారు పోయడు. తన తూము దాకా నీళ్లు ఎప్పుడు వస్తాయి, వచ్చినవి ఎన్ని రోజులు పారుతాయి అని ముందుగా విచారిస్తాడు. రక్తంలో మందు స్థాయి జలాశయం మట్టం వంటిది. దానిని కొలవడం సులభం కాబట్టి చాలాకాలం దానినే కొలుస్తూ వచ్చారు. కానీ బ్యాక్టీరియా ఎక్కువగా ఉండేది చివరి మడిలో.

ల్యాబ్ రిపోర్టులో ‘సెన్సిటివ్’, అంటే బ్యాక్టీరియా ఈ మందుకు లొంగుతుంది, అని వచ్చిన తర్వాత ఇంకా కొలవవలసింది ఏముంది?

చాలా ఉంది. ఆ రిపోర్టుకు ఆధారం ఎంఐసీ, అంటే బ్యాక్టీరియా పెరుగుదల కంటికి కనిపించకుండా ఆపగల కనిష్ఠ గాఢత. మిల్లీలీటరుకు సుమారు 5 లక్షల బ్యాక్టీరియా ఉన్న పోషక ద్రవంలో వేర్వేరు గాఢతల్లో మందును కలిపి, 16 నుంచి 20 గంటలు వెచ్చగా ఉంచి, ఏ గొట్టం తేటగా మిగిలిందో చూస్తారు. ఆ గొట్టంలో మందు గాఢత మొదటి నుంచి చివరి దాకా ఇంచుమించు ఒకేలా ఉంటుంది. ఒంట్లో మాత్రం ఏ రెండు గంటలూ ఒకేలా ఉండదు. గొట్టంలో చీము లేదు, ఆమ్లత లేదు, ఆక్సిజన్ కొరత లేదు. అంతేకాక, తెల్లవారి తేటగా కనిపించిన గొట్టంలో బ్యాక్టీరియా రెండు గంటల్లో చచ్చిందో, పద్దెనిమిది గంటలు చావకుండా ఊరకే ఆగిపోయిందో ఆ పరీక్ష చెప్పదు.

రిపోర్టులోని ఆ ఒక్క మాట వెనుక స్థలం ఎంత ముఖ్యమో, నిమోనియా కలిగించే న్యూమోకాకస్ అనే బ్యాక్టీరియా ఉదాహరణ చూపుతుంది. పెన్సిలిన్‌కు ఎంఐసీ లీటరుకు 1 మిల్లీగ్రాము ఉన్న న్యూమోకాకస్, అమెరికన్ ప్రమాణాల ప్రకారం, నిమోనియా రోగికి సూది ద్వారా పెన్సిలిన్ ఇచ్చే సందర్భంలో ‘సెన్సిటివ్’. అదే సూక్ష్మజీవి మెదడు పొరల్లో ఉంటే ‘రెసిస్టెంట్’, అంటే లొంగనిది, ఎందుకంటే అక్కడ ‘సెన్సిటివ్’ గీత 0.06 దగ్గరే ఆగిపోతుంది. సూక్ష్మజీవి మారలేదు, మందు మారలేదు. మందు చేరగల చోటు మారింది.

మోతాదు రెట్టింపు చేస్తే రెట్టింపు పని జరగదా?

కొన్ని మందుల విషయంలో కొంత నిజం, కొన్నిటి విషయంలో పొరపాటు. ఈ ప్రశ్నకు జవాబు అర్థమైతే మిగతా పేజీ సగం అర్థమైనట్టే కాబట్టి ఒక లెక్క వేసి చూద్దాం. ఇవి లెక్క కోసం తీసుకున్న అంకెలు మాత్రమే.

ఒక పెన్సిలిన్ జాతి మందు ఇచ్చిన వెంటనే గాఢత 64 ఉందనుకుందాం. దాని హాఫ్ లైఫ్, అంటే గాఢత సగానికి పడిపోయే సమయం, ఒక గంట. బ్యాక్టీరియా ఎంఐసీ 2. గంట గంటకూ అది 32, 16, 8, 4 అవుతూ అయిదో గంటకు 2 దగ్గరికి వస్తుంది. అంటే ఎనిమిది గంటలకు ఒకసారి ఇచ్చే మందు అయిదు గంటలు ఎంఐసీకి పైన ఉంది, మూడు గంటలు కింద ఉంది. ఇప్పుడు మోతాదు రెట్టింపు చేసి 128 నుంచి మొదలుపెడితే కలిసి వచ్చేది ఒక్క గంట. రెండింతల ఖర్చుకు దక్కింది అంతే. దానికి బదులు మొదటి మోతాదునే రెండుగా విడగొట్టి, 32 చొప్పున నాలుగు గంటలకు ఒకసారి ఇస్తే, ఒక్కొక్కటి నాలుగు గంటలు నిలబడుతుంది. మొత్తం మందు పెరగకుండానే ఎనిమిది గంటలూ కప్పబడతాయి.

పెన్సిలిన్లు, సెఫలోస్పోరిన్లు, మెరోపెనెమ్ వంటి బీటా-లాక్టమ్‌లకు ఇదే సూత్రం. ఎంఐసీకి నాలుగైదు రెట్లు దాటాక ఎంత పోసినా చంపే వేగం పెద్దగా పెరగదు; ఎంతసేపు పైన ఉందన్నదే లెక్క. పెన్సిలిన్ విషయంలో దీనిని 1940లు, 50లలోనే హ్యారీ ఈగిల్ జంతువులపై చూపాడు. తర్వాతి దశాబ్దాల్లో విస్కాన్సిన్‌లో విలియం క్రెయిగ్ ఎలుకల తొడ కండరంలో ఇన్ఫెక్షన్ కలిగించి మందు మందుకూ ఈ లెక్కను స్థిరపరచాడు. మెరోపెనెమ్ వంటివాటికి మోతాదుల మధ్య వ్యవధిలో సుమారు 40 శాతం, పెన్సిలిన్లకు 50 శాతం, సెఫలోస్పోరిన్లకు 60 నుంచి 70 శాతం సమయం పైన ఉండాలన్న అంకెలు ప్రధానంగా అక్కడి నుంచి వచ్చినవే.

జెంటామైసిన్, అమికాసిన్ వంటివి ఇందుకు భిన్నం. వాటికి శిఖరం ముఖ్యం: గరిష్ఠ గాఢత ఎంఐసీకి 8 నుంచి 10 రెట్లు ఉంటే చంపడం వేగంగా జరుగుతుంది, గాఢత పడిపోయిన తర్వాత కూడా బ్యాక్టీరియా కొన్ని గంటలు కోలుకోదు. వాంకోమైసిన్, సిప్రోఫ్లోక్సాసిన్ వంటి వాటికి రోజు మొత్తంలో బ్యాక్టీరియా ఎదుర్కొన్న మందు మొత్తం, అంటే రేఖ కింది వైశాల్యాన్ని ఎంఐసీతో భాగించగా వచ్చే అంకె, ముఖ్యం. ఎంఆర్‌ఎస్‌ఏ, అంటే మెథిసిలిన్‌కు లొంగని స్టాఫిలోకాకస్, కలిగించే తీవ్రమైన ఇన్ఫెక్షన్లకు వాంకోమైసిన్ విషయంలో అది 400 నుంచి 600 మధ్య ఉండాలని అమెరికన్ నిపుణుల సంఘాలు 2020లో సూచించాయి.

పెన్సిలిన్ తొలి రోగి మరణించాడన్నది నిజమేనా? అది ఈ విషయానికి సంబంధించినదేనా?

నిజమే, సంబంధించినదే. 1941 ఫిబ్రవరిలో ఆక్స్‌ఫర్డ్‌లో ఆల్బర్ట్ అలెగ్జాండర్ అనే పోలీసు ఉద్యోగికి పెన్సిలిన్ ఇచ్చారు. ఒక్క రోజులోనే గుణం కనిపించింది. కానీ ఉన్న నిల్వ అయిదు రోజులకు మించి రాలేదు. కిడ్నీలు ఆ మందును ఎంత వేగంగా బయటికి తోసేస్తాయంటే, వైద్యులు ఆయన మూత్రం నుంచి పెన్సిలిన్‌ను తిరిగి వేరుచేసి ఆయనకే ఎక్కించారు. మందు అయిపోయాక ఇన్ఫెక్షన్ తిరగబెట్టి మార్చి 15న మరణించాడు. ఎంత బలమైన మందైనా అక్కడ నిలవని సమయంలో పనిచేయదన్నది ఆ వార్డులోనే తేలింది.

మా ఊళ్లో ఏ జ్వరానికైనా రోజుకు ఒకటే సూది వేస్తారు. అది చాలుతుందా?

ఏ మందు అన్నదాని మీద ఆధారపడుతుంది. సెఫ్ట్రియాక్సోన్ హాఫ్ లైఫ్ సుమారు 8 గంటలు కాబట్టి చాలా ఇన్ఫెక్షన్లలో రోజుకు ఒకసారి సరిపోతుంది. మెదడు పొరల ఇన్ఫెక్షన్‌లో మాత్రం పెద్దలకు 12 గంటలకు ఒకసారి 2 గ్రాములు ఇస్తారు. జెంటామైసిన్ హాఫ్ లైఫ్ రెండు మూడు గంటలే అయినా రోజుకు ఒకసారి ఇవ్వవచ్చు. దానికి కారణం పైన చెప్పిన శిఖరమూ, ఆ తర్వాతి ప్రభావమూ. పైగా కిడ్నీ కణాలు ఆ మందును పీల్చుకోవడానికి ఒక పరిమితి ఉన్నందువల్ల, రోజంతా కొద్దికొద్దిగా ఇవ్వడం కంటే ఒకేసారి ఇవ్వడమే కిడ్నీలకు తక్కువ హాని చేస్తుంది. అదే సెఫోటాక్సిమ్ అయితే హాఫ్ లైఫ్ సుమారు ఒక గంట. పేరు సెఫ్ట్రియాక్సోన్‌కు దగ్గరగా ఉందని దానిని కూడా రోజుకు ఒక్క సూదిగా వేస్తే, రోజులో ఎక్కువ భాగం రోగి ఒంట్లో మందు లేనట్టే. ఆర్‌ఎంపీలు వేసే సూదుల మీద వచ్చే విమర్శల్లో అనవసరంగా వేశారన్నదే ఎక్కువగా వినిపిస్తుంది. వేసినది సమయానికి వేయలేదన్న విమర్శ వినిపించదు. నా దృష్టిలో అది కూడా అంతే పెద్దది.

రక్తంలో ఉన్న మందంతా పనిచేస్తుందా?

చేయదు. రక్తంలోని అల్బుమిన్ వంటి ప్రోటీన్లకు అతుక్కున్న భాగం రక్తనాళం దాటి బయటికి రాదు, బ్యాక్టీరియాను తాకదు. అతుక్కోకుండా మిగిలినదే పనిచేస్తుంది. సెఫ్ట్రియాక్సోన్ 85 నుంచి 95 శాతం వరకు అతుక్కుని ఉంటుంది. అంటే రిపోర్టులో 100 అని కనిపిస్తే పనికి వచ్చేది 5 నుంచి 15. తీవ్రంగా జబ్బుపడి అల్బుమిన్ పడిపోయిన రోగిలో ఈ స్వేచ్ఛా భాగం పెరుగుతుంది. కానీ కిడ్నీలు దానిని అంతే త్వరగా వడగట్టి పంపేస్తాయి కాబట్టి పెరిగిందని సంతోషించడానికి వీలు లేదు. పాత వ్యాసాలు చదివేటప్పుడు అందులోని అంకె మొత్తం మందుదా, స్వేచ్ఛా భాగానిదా అని ముందుగా చూసుకోవాలి. ఈ ఒక్క తేడా గమనించక సెమినార్లలో తప్పు నిర్ధారణలు చేసిన విద్యార్థులు చాలామంది ఉన్నారు. ఒకప్పుడు నేనూ వారిలో ఒకడినే.

పుండులో, కండరంలో, ఊపిరితిత్తిలో ఉన్న మందును ఎలా కొలుస్తారు?

పాత పద్ధతి, ఆపరేషన్‌లో తీసిన కణజాలపు ముక్కను నూరి, ఆ ముద్దలో మందు ఎంత ఉందో చూడడం. ఇందులో ఒక మౌలికమైన లోపం ఉంది. ముక్కలో కణాలూ ఉంటాయి, కణాల నడుమ ద్రవమూ ఉంటుంది, కొంత రక్తమూ ఉంటుంది. నూరితే అన్నీ కలిసిపోతాయి. చాలా బ్యాక్టీరియా ఉండేది కణాల నడుమ ద్రవంలో. బీటా-లాక్టమ్‌లు కణాల లోపలికి పెద్దగా వెళ్లవు కాబట్టి, నూరిన ముద్దలో వాటి అంకె ఉన్నదానికంటే తక్కువగా కనిపిస్తుంది. అజిత్రోమైసిన్ కణాల లోపలే పేరుకుంటుంది కాబట్టి దాని అంకె ఎక్కువగా కనిపించి, బయటి ద్రవంలో కూడా అంతే ఉందన్న భ్రమ కలిగిస్తుంది. పెసర్లూ నీళ్లూ కలిపి రుబ్బాక గిన్నెలో మొదట నీళ్లు ఎన్ని ఉన్నాయో చెప్పమన్నట్టు ఉంటుంది.

దీనికి విరుగుడుగా వచ్చినది మైక్రోడయాలిసిస్. సుమారు అర మిల్లీమీటరు మందం ఉండే సన్నని గొట్టాన్ని చర్మం కింది కొవ్వులోకో కండరంలోకో దించుతారు. దాని చివర సూక్ష్మ రంధ్రాల పొర ఉంటుంది. గొట్టంలోకి నిమిషానికి 1 లేదా 2 మైక్రోలీటర్ల చొప్పున, అంటే అరగంటకు దాదాపు ఒక్క చుక్క చొప్పున, సెలైన్ వంటి ద్రవాన్ని పంపుతారు. చుట్టూ ఉన్న ద్రవంలోని మందు పొర గుండా లోపలికి ఊరుతుంది. ప్రోటీన్లు పెద్దవి కాబట్టి పొర దాటవు. అందువల్ల బయటికి వచ్చిన చుక్కలో ఉన్నది స్వేచ్ఛా భాగం మాత్రమే. అరగంటకు ఒక చుక్కను పట్టి వరుసగా పరీక్షిస్తే, కణాల నడుమ మందు ఎక్కి దిగిన రేఖ మొత్తం, ముక్క కోయకుండానే, ఒకే మనిషిలో దొరుకుతుంది.

అయితే ద్రవం కదులుతూనే ఉంటుంది కాబట్టి బయటి గాఢత పూర్తిగా లోపలికి రాదు. ఎంత శాతం వస్తుందో ప్రతి గొట్టానికీ, ప్రతి మనిషికీ విడిగా తేల్చాలి. అందుకు మందును ఎదురు దిశలో పంపుతారు: గొట్టంలోని ద్రవంలో మందు కలిపి, దారిలో ఎంత శాతం బయటికి పోయిందో చూస్తారు, పోయే శాతమూ వచ్చే శాతమూ ఒకటేనన్నది ఆధారం. అది 40 శాతమని తేలితే, చుక్కలో 4 కనిపించినప్పుడు కణజాలంలో 10 ఉన్నట్టు. ఈ సవరణ ఎలా చేశారో రాయని వ్యాసాన్ని నమ్మడం కష్టం. కొవ్వులో కరిగే స్వభావం ఉన్న మందులు గొట్టానికే అంటుకుపోతాయి. వాటికి ఈ పద్ధతి సరిగా కుదరదు.

ఊపిరితిత్తికి వేరే దారి ఉంది. శ్వాసకోశ గోడలను కప్పి ఉండే పలుచటి ద్రవాన్ని బ్రాంకోస్కోపీలో, అంటే శ్వాసనాళంలోకి గొట్టం దించి చూసే పరీక్షలో, సెలైన్‌తో కడిగి తీస్తారు. కడగడం వల్ల అది ఎంత పలచబడిందో తెలియడానికి యూరియాను కొలుస్తారు, ఎందుకంటే యూరియా రక్తంలో ఎంత ఉంటుందో ఆ ద్రవంలోనూ అంతే ఉంటుంది. క్షయ రోగుల ఊపిరితిత్తుల నుంచి ఆపరేషన్‌లో తీసిన గడ్డలను పలుచగా కోసి, మాస్ స్పెక్ట్రోమెట్రీ ద్వారా మందు ఏ పొర దాకా చేరిందో పటంలా చూపే పద్ధతి కూడా వచ్చింది. రిఫాంపిసిన్, పైరజినమైడ్ గడ్డ నడుమ ఉన్న జున్నులాంటి మృత పదార్థంలోకి చేరతాయనీ, మాక్సిఫ్లోక్సాసిన్ అంచుల్లోని కణాల్లో పేరుకుని నడిమికి సరిగా చేరదనీ అలా తెలిసింది.

సెగ్గడ్డకు ఎన్ని గోళీలు వాడినా తగ్గదు, కోసి చీము తీస్తేనే తగ్గుతుంది. ఎందుకు?

చేరడం, నిలవడం, పనిచేయడం, ఈ మూడూ అక్కడ ఒకేసారి దెబ్బతింటాయి. గడ్డ గోడలో రక్తనాళాలు ఉంటాయి కానీ చీము నడిమికి రక్తప్రసారం లేదు. మందు నెమ్మదిగా ఊరుతూ పోవలసిందే. గోడ ఎంత మందమైతే, గడ్డ ఎంత పెద్దదైతే అంత ఆలస్యం. రక్తంలో గాఢత గంటల్లో ఎక్కి దిగుతుంటే, చీములో అది మందకొడిగా, తక్కువ ఎత్తులో కదులుతుంది.

చేరిన మందుకు అక్కడి పరిస్థితులు అనుకూలించవు. చీము ఆమ్లంగా ఉంటుంది, ఆక్సిజన్ ఉండదు. జెంటామైసిన్ బ్యాక్టీరియా లోపలికి వెళ్లాలంటే ఆక్సిజన్ ఆధారంగా జరిగే ప్రక్రియ కావాలి. అది లేనిచోట మందు పక్కనే ఉన్నా లోపలికి పోదు. అదీకాక చచ్చిన తెల్లకణాల నుంచి బయటపడ్డ డీఎన్ఏ దానిని పట్టి ఉంచుతుంది. బీటా-లాక్టమ్‌లకు మరో ఇబ్బంది: అవి పెరుగుతున్న బ్యాక్టీరియా గోడ కట్టుకునేటప్పుడే దెబ్బతీయగలవు. పాత గడ్డలో బ్యాక్టీరియా తిండి చాలక దాదాపు పెరగడం ఆపి ఉంటుంది. పెద్ద గడ్డలో ఈ మందులను విరగ్గొట్టే బీటా-లాక్టమేస్ ఎంజైమ్ కూడా పోగవుతుంది.

సంఖ్య కూడా చూడండి. ల్యాబ్ గొట్టంలో మిల్లీలీటరుకు 5 లక్షలు. చీములో అదే మిల్లీలీటరులో 10 కోట్లు దాటవచ్చు. రిఫాంపిసిన్ వంటి మందుకు ఇంచుమించు 10 కోట్లలో ఒకటి పుట్టుకతోనే లొంగనిదై ఉంటుంది. అంటే గొట్టంలో అటువంటిది ఉండే అవకాశం చాలా తక్కువ, గడ్డలో ఉండే అవకాశమే ఎక్కువ. కోసి చీము తీసేయడం వల్ల ఈ లెక్కలన్నీ ఒకేసారి మారిపోతాయి కాబట్టే, గడ్డలు కోసిన పాతకాలం నుంచి నేటి సర్జరీ వార్డు దాకా ఆ చికిత్స పోలేదు.

ల్యాబ్‌లో పనిచేసిన మందు ఒంట్లో అసలు పనిచేయని సందర్భాలు నిజంగా ఉన్నాయా?

ఉన్నాయి. డాప్టోమైసిన్ న్యూమోకాకస్‌ను గొట్టంలో బాగా చంపుతుంది. ఊపిరితిత్తి గాలి గదులను తడిపి ఉంచే సర్ఫాక్టెంట్ దానిని పట్టేసి నిర్వీర్యం చేస్తుంది కాబట్టి నిమోనియాకు అది పనికిరాదు. ఈ సంగతి నిమోనియా రోగులపై పెద్ద పరీక్ష విఫలమైన తర్వాత గాని సరిగా తెలియలేదు. టైఫాయిడ్ బ్యాక్టీరియా మన తెల్లకణాల లోపల దాక్కుంటుంది. జెంటామైసిన్ రిపోర్టులో పనిచేస్తున్నట్టు కనిపించినా కణంలోకి చొరబడి దానిని చంపలేదు. అందుకే టైఫాయిడ్ బ్యాక్టీరియా చేరిన సాల్మొనెల్లా జాతికి ఆ మందు రిపోర్టు చేయవద్దని ల్యాబ్‌లకు సూచన ఉంది. కణాల్లో పేరుకునే అజిత్రోమైసిన్ అదే టైఫాయిడ్‌లో రక్తంలో స్వల్ప గాఢతలోనే ఉన్నా పనిచేస్తుంది. నైట్రోఫ్యురాంటాయిన్ మూత్రంలో మాత్రమే తగినంత గాఢతకు చేరుతుంది. మూత్రాశయ ఇన్ఫెక్షన్‌కు మంచిది, అదే ఇన్ఫెక్షన్ కిడ్నీకి పాకితే చాలదు.

షుగర్ రోగుల కాలి పుండు విషయంలో?

కాలికి వెళ్లే రక్తనాళాలు మూసుకుపోయిన రోగిలో, చేతిలోంచి తీసిన రక్తంలో మందు చక్కగా ఉన్నా, బొటనవేలి దగ్గర కణాల నడుమ తక్కువగా, ఆలస్యంగా చేరుతుంది. మైక్రోడయాలిసిస్‌కు ఇది సహజమైన రంగం. వరి నాట్లలో, పత్తి చేలలో చెప్పుల్లేకుండా తిరిగి, కాలికి తగిలిన దెబ్బ తెలియక ఆలస్యంగా వచ్చే రోగులు మన దవాఖానల్లో ఎందరో. వారిలో మందు మార్చడానికి ముందు పాదం మీద నాడి చూడాలి. రక్తం పోని చోటికి మందు పోదు. ఎముకకు పాకితే చికిత్స సాధారణంగా వారాల తరబడి సాగుతుంది. సూది మందే కావాలన్న పాత నమ్మకం మాత్రం సడలింది: బ్రిటన్‌లో వెయ్యి మందికి పైగా ఎముక, కీళ్ల ఇన్ఫెక్షన్ రోగులపై జరిగి 2019లో ప్రచురితమైన ఒవీవా పరీక్షలో, సరైనదాన్ని ఎంచుకుంటే గోళీలు సూదులకు తీసిపోలేదు.

నల్లగొండలో నీళ్లలోనే ఫ్లోరైడ్ ఉంది. సిప్రోఫ్లోక్సాసిన్ కూడా ఫ్లోరోక్వినోలోన్ అంటారు. దానితో ఫ్లోరోసిస్ పెరగదా?

ఈ ప్రశ్న మరో జిల్లాలో అడగరు. మర్రిగూడ, చండూరు వైపు వంగిపోయిన నడుములను చూసి పెరిగినవారు అడగడంలో ఆశ్చర్యం లేదు. సిప్రోఫ్లోక్సాసిన్ అణువులో ఒక ఫ్లోరిన్ పరమాణువు ఉన్నది నిజం, కానీ అది ఉంగరంలాంటి కార్బన్ నిర్మాణానికి చాలా గట్టిగా బిగుసుకుని ఉంటుంది. శరీరం ఆ బంధాన్ని చెప్పుకోదగినంతగా తెంచదు. మందుతోపాటే ఫ్లోరిన్ బయటికి పోతుంది. నీటిలోని ఫ్లోరైడ్ మాత్రం విడి అయాన్ రూపంలో ఉండి ఎముకలోకి పోతుంది. రెండూ ఒకటి కావు. అయితే ఈ అనుమానం వట్టిది కూడా కాదు: వోరికోనజోల్ అనే ఫంగస్ మందును నెలల తరబడి వాడినవారిలో ఫ్లోరైడ్ విడుదలై ఎముకల నొప్పి రావడం వైద్యులు గమనించారు.

సిప్రోఫ్లోక్సాసిన్ విషయంలో నిజంగా జాగ్రత్తపడవలసింది వేరే ఉంది. పాలు, మెగ్నీషియం, అల్యూమినియం ఉన్న అసిడిటీ మందులు, గర్భిణులకూ రక్తం తక్కువగా ఉన్నవారికీ ఇచ్చే ఐరన్ గోళీలు దానిని పేగులోనే కట్టిపడేస్తాయి. అసిడిటీ, ఐరన్ గోళీలకు రెండు గంటల ముందో, ఆరు గంటల తర్వాతో వేసుకోవాలి. లేకపోతే పుండు సంగతి అటుంచి, మందు రక్తంలోకే సరిగా చేరదు.

మందును సెలైన్‌లో నెమ్మదిగా, గంటల తరబడి ఎక్కించడం మంచిదా?

బీటా-లాక్టమ్‌లకు సూత్రం ప్రకారం మంచిదే. ఎంఐసీకి పైన ఉండే సమయం పెరుగుతుంది. ఐసీయూ రోగుల్లో కిడ్నీలు కొన్నిసార్లు మామూలుకంటే వేగంగా వడగడతాయి, ఒంట్లో నీరు చేరి మందు పలచబడుతుంది. వారికి ఇది మరీ అవసరం. దీనిని తేల్చడానికి ఏడు వేల మందికి పైగా సెప్సిస్ రోగులపై బ్లింగ్-3 అనే పరీక్ష జరిగి 2024లో ఫలితాలు వచ్చాయి. పైపరాసిలిన్-టాజోబాక్టమ్ లేదా మెరోపెనెమ్‌ను నిరంతరంగా ఎక్కించినవారిలో 90 రోజుల్లో 24.9 శాతం, విడతలుగా ఇచ్చినవారిలో 26.8 శాతం మరణించారు. తేడా అనుకున్న వైపే ఉంది కానీ, అది యాదృచ్ఛికం కాదని చెప్పడానికి కావలసిన గణాంకాల గీత దాటలేదు. నా అభిప్రాయంలో ఇది సూత్రం తప్పని చూపలేదు. అందరు రోగులనూ, అన్ని ఎంఐసీలనూ ఒకే గంపలో వేస్తే లాభం పలచబడుతుందని చూపింది.

మన ప్రాంతానికి దీనిలో ఒక చిక్కు ఉంది. కలిపిన మెరోపెనెమ్ గది ఉష్ణోగ్రతలో కొన్ని గంటలకే విరిగిపోవడం మొదలవుతుంది. ఆ ‘గది’ అంటే పుస్తకాల్లో 25 డిగ్రీలు. మే నెలలో ఏసీ లేని నల్లగొండ వార్డులో గోడకు వేలాడే సెలైన్ సీసాకు ఆ లెక్క వర్తించదు. పైపరాసిలిన్ వేడికి ఇంతకంటే తట్టుకుంటుంది. నిరంతరంగా ఎక్కించే పద్ధతి మొదలుపెట్టేముందు వార్డులో ఒక థర్మామీటర్ తగిలించడం మంచిది.

జిల్లా కాలేజీల్లో ఇటువంటి పరిశోధన చేయగలమా?

కొంత చేయగలం. నల్లగొండ, సూర్యాపేట ప్రభుత్వ వైద్య కళాశాలలు 2019లో, మహబూబ్‌నగర్‌ది 2016లో మొదలయ్యాయి. మైక్రోబయాలజీ విభాగం ఉన్న ఏ కాలేజీలోనైనా టైమ్-కిల్ పరీక్ష చేయవచ్చు: బ్యాక్టీరియాను మందులో ఉంచి 0, 2, 4, 6, 8, 24 గంటలకు కొద్దిగా తీసి, ప్లేట్ మీద పరచి, మొలిచిన కాలనీలు లెక్కించాలి. వెయ్యిలో ఒకటి మాత్రమే మిగిలితే, అంటే 99.9 శాతం పోతే, ఆ గాఢత చంపేదని అంటారు. ఎక్కువమంది ఆరో గంట దగ్గర ఆగిపోయి సంతోషిస్తారు. అసలు కథ 24వ గంటలో ఉంటుంది. తగ్గిన సంఖ్య మళ్లీ పైకి లేచిందంటే, మిగిలినవి మందుకు లొంగనివి కావచ్చు, లేదా మందే ఆ వేడికి విరిగిపోయి ఉండవచ్చు. రెండింటినీ విడదీసి చూడాలి.

దీని తర్వాతి మెట్టు హాలో ఫైబర్ పరికరం. సన్నని బోలు దారాల కట్టలో, దారాల బయట బ్యాక్టీరియా, లోపల ప్రవహించే ద్రవంలో మందు ఉంటాయి. పంపుల సాయంతో మందు గాఢతను మనిషి ఒంట్లో ఎక్కి దిగినట్టే నడిపిస్తూ రోజుల తరబడి గమనిస్తారు. లొంగని రకం ఎన్నో రోజున తలెత్తుతుందో దీనిలో తెలుస్తుంది. దీనికి ఖర్చు ఎక్కువ. మందు గాఢతను కొలవడానికి మాత్రం మనకు మనుషుల కొరత లేదు: జడ్చర్ల దగ్గరి పోలేపల్లి, చౌటుప్పల్ వైపు మందుల పరిశ్రమల్లో, ద్రవంలోని మందును వేరుచేసి కొలిచే హెచ్‌పీఎల్‌సీ యంత్రాన్ని నడిపిన అనుభవం ఉన్న యువకులు ఎందరో ఉన్నారు. మనుషులపై చేసే పరీక్షకు నైతిక సంఘం అనుమతి, రోగి తన భాషలో చదివి చేసిన సంతకం, సీటీఆర్‌ఐ అనే జాతీయ క్లినికల్ పరీక్షల రిజిస్ట్రీలో ముందస్తు నమోదు తప్పనిసరి.

ఇటువంటి అధ్యయనాల్లో ఎక్కువగా పాడయ్యేది ఏది?

గడియారం. ఒక వార్డులో మేము రక్త నమూనాలు తీస్తున్నప్పుడు, కేస్ షీటులో అన్ని మోతాదులూ సరిగ్గా ఉదయం 8, మధ్యాహ్నం 2, రాత్రి 8 అని రాసి ఉండేవి. ఒకరోజు పక్కనే నిలబడి చూస్తే 8 గంటల మోతాదు 8:50కి ఎక్కింది. నర్సు ఒక్కరే, మంచాలు ముప్పై పైగా. ఆమె తప్పేమీ లేదు. కానీ హాఫ్ లైఫ్ ఒక గంట ఉన్న మందుకు యాభై నిమిషాలు అంటే దాదాపు సగం గాఢత. అప్పటిదాకా పోగుచేసిన నమూనాల్లో చాలావాటిని వదులుకోవలసి వచ్చింది. ఆ తర్వాత నుంచి మేము మందు ఎప్పుడు ఇవ్వాలో రాసే గడి ఒకటి, నిజంగా ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగిసిందో రాసే గడులు రెండు విడివిడిగా పెట్టి, సీసా ఖాళీ అయిన సమయాన్ని నమూనా తీసేవారే చూసి రాయాలని నియమం పెట్టుకున్నాము.